పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పడవ ఇంజను పొగగొట్టం మార్చేముందు

ప్రశ్న: చెన్నైలో ఒకరి దగ్గర ముప్ఫై అడుగుల పాత ఫైబర్ తెరచాప పడవను కొని, కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేటిలో లంగరు వేసి ఉంచుతున్నాను. గాలి పడిపోయినప్పుడూ, రేవులోకి వచ్చేటప్పుడూ నడపడానికి అందులో రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజను ఉంది. సముద్రపు నీటిని పొగలో కలిపి వెనుక నుంచి బయటకు వదిలే పద్ధతి. కొంతకాలంగా నల్లపొగ వస్తోంది, వెనుక పడే నీరు తగ్గింది, ఎల్బో (ఇంజను నుంచి వచ్చే పొగలో నీరు కలిసే వంపు గొట్టం) కింద తుప్పు చారలు కనబడుతున్నాయి. ఈమధ్య తెరచాప మీద మైపాడు దాకా వెళ్లి, తిరుగు ప్రయాణానికి ఇంజను వేయబోతే స్టార్టరు ఒక్కసారి టక్కుమని ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, సిలిండరులో ఉప్పునీరు చేరిందని తేల్చి, ఇంజెక్టర్లు విప్పి నీరు బయటకు తోశాడు. ఇప్పుడు పొగగొట్టం మొత్తం మార్చాలనుకుంటున్నాను. నెల్లూరులో ఒక లేత్ వర్క్‌షాపువారు స్టెయిన్‌లెస్ స్టీలు ఎల్బో చేసిస్తామంటున్నారు. దానితోపాటు పెద్ద మఫ్లర్ పెడితే సరిపోతుందా? లేక చేపల పడవలవారిలా నీటి గొడవ లేకుండా నిలువుగా పొడిగొట్టం పెట్టుకోవడం మేలా?
– ఒక పాఠకుడు, ముత్తుకూరు

జవాబు: మీరు రాసిన లక్షణాలు ఒకే లోపానివి కావు. నల్లపొగ, తగ్గిన నీరు, తుప్పు చారలు ఎల్బో లోపల మసి పేరుకుని, లోహం తినేసుకుపోయిందని చెబుతున్నాయి. తెరచాప మీద వెళ్లి వచ్చేసరికి సిలిండరులో నీరు ఉండడం మాత్రం చాలావరకు గొట్టాల అమరికలోని లోపం. మొదటిదానికి కొత్త భాగం కొంటే చాలు. రెండవదానికి ఎంత ఖరీదైన లోహం తెచ్చి బిగించినా అదే ఎత్తులో, అదే చోట బిగిస్తే నీరు మళ్లీ అదే దారిన వస్తుంది. కాబట్టి వర్క్‌షాపుకు అడ్వాన్సు ఇవ్వకముందే మీరు చేయవలసిన పని కొలతలు తీసుకోవడం.

దానికన్నా ముందు ఒక అత్యవసరమైన మాట. మెకానిక్ నీరు తీసిన తరువాత ఇంజన్ ఆయిలు మార్చారో లేదో మీరు రాయలేదు. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే వెంటనే ఆయిలు, ఫిల్టరు మార్చి, ఇంజనును బాగా వేడెక్కేదాకా నడిపి, మళ్లీ మార్చండి. రంగు మామూలుగా అయ్యేవరకు అలాగే చేయాలి. ఉప్పునీరు తగిలిన రింగులు, బేరింగులు ఖాళీగా ఉంచిన కొద్ది రోజుల్లోనే తుప్పు పట్టడం మొదలవుతుంది. ఇకముందు స్టార్టరు అలా టక్కుమని ఆగితే రెండవసారి మీట నొక్కకూడదు. నీటిని గాలిలా కుదించడం సాధ్యం కాదు గనుక వంగేది పిస్టన్‌ను మోసే కనెక్టింగ్ రాడ్డే.

మీ పడవలోని పద్ధతి ఇలా పనిచేస్తుంది. ఇంజను నుంచి కొన్ని వందల డిగ్రీల వేడితో వచ్చే పొగలోకి, ఇంజనును చల్లబరిచి వచ్చిన సముద్రపు నీరు ఎల్బో దగ్గర చిమ్ముతుంది. ఆ నీటివల్లే తరువాత వచ్చే రబ్బరు హోసు కాలిపోకుండా ఉంటుంది. నీరు, పొగ కలిసి కింద ఉన్న మఫ్లర్ డబ్బాలోకి జారుతాయి. డబ్బాలో నీటి మట్టం పెరిగి, పైకి వెళ్లే గొట్టం మొదలును ముంచగానే పొగ ఒత్తిడి ఆ నీటిని విడతలు విడతలుగా పైకి ఎత్తి, హంసమెడలా వంచిన గొట్టం మీదుగా అమరం వైపు, అంటే పడవ వెనుక పలక నుంచి బయటకు నెడుతుంది. ఇంజను ఆపిన క్షణాన ఆ ఎత్తు గొట్టంలో ఉన్న నీరంతా తిరిగి డబ్బాలోకి పడుతుంది. అంటే ఈ ఏర్పాటులో ఎగ్జాస్ట్ వాల్వుకు జానెడు దూరంలో ఉప్పునీరు ఎప్పుడూ ఉంటుంది. దాన్ని అక్కడే ఆపి ఉంచేది ఎత్తు తేడా ఒక్కటే.

ఆ నీరు సిలిండరులోకి చేరే దారులు నాలుగు. ఇంజను ఆగి ఉండగా పంపు గుండా నీరు సైఫన్ పద్ధతిలో, అంటే నిండిన గొట్టంలో నీరు పల్లానికి తనంతట తానే పారినట్టు, లోపలికి లాగబడడం మొదటిది. పంపులో నీటిని నెట్టే రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లరు, దారిని పూర్తిగా మూయలేదు. స్టార్టు కాని ఇంజనును పదేపదే తిప్పడం రెండవది. ఇంజను తిరిగినంతసేపూ పంపు నీరు తోడుతూనే ఉంటుంది గాని దాన్ని బయటకు నెట్టే పొగ ఉండదు, అందుచేత డబ్బా నిండి నీరు వెనక్కి ఎక్కుతుంది. వెనుక నుంచి వచ్చే అలలు గొట్టంలోకి నీరు కొట్టడం మూడవది. ఎల్బో లోపలి గోడ తినేసుకుపోయి నీటి గది నుంచి పొగ దారిలోకి చిల్లు పడడం నాలుగవది.

మీ విషయంలో మొదటిదానిమీద, మూడవదానిమీద నా అనుమానం. వేసవిలో దక్షిణపు గాలి పట్టుకుని కృష్ణపట్నం నుంచి ఉత్తరంగా మైపాడు వైపు వెళ్తుంటే అలలు మీ అమరాన్ని తరుముతూనే ఉంటాయి. గాలి పక్కకు తిరిగితే పడవ ఒరుగుతుంది. ఆ ఒరగడం ఎంత మార్పు తెస్తుందో చాలామంది లెక్కవేయరు. పడవ 25 డిగ్రీలు ఒరిగినప్పుడు, మధ్యరేఖకు ఒక మీటరు పక్కగా ఉన్న ఏ భాగమైనా సుమారు 42 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. రేవులో నిలిపి ఉంచినప్పుడు నీటికి జానెడు పైన క్షేమంగా కనిపించిన గొట్టం వంపు, సముద్రంలో గంటల తరబడి నీటి మట్టానికి కిందనే ఉండవచ్చు. పొగలో నీరు కలిపే పద్ధతి ఉన్న చేపల పడవలలో కూడా ఈ సమస్య ఇంతగా కనిపించకపోవడానికి కారణం, అవి గాలికి అలా ఒరిగి గంటలకొద్దీ నడవకపోవడమూ, సముద్రంలో వాటి ఇంజను దాదాపు ఆగకపోవడమూ.

ఇక కొలతలు. పడవ బయట రంగు గీత చూసి నీటి మట్టాన్ని అంచనా కట్టకండి. పాత పడవలు సామాను బరువుకు ఆ గీతను ఎప్పుడో ముంచేసి ఉంటాయి. తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకపు గొట్టం ఒకటి తీసుకోండి. పడవ నీటిమీద నిలకడగా ఉన్నప్పుడు, ఇంజనుకు సముద్రపు నీరు తెచ్చే అడుగు వాల్వును మూసి, దాని హోసు విప్పి, ఆ చోట ఈ గొట్టాన్ని బిగించి, రెండవ కొసను ఎత్తుగా పట్టుకుని వాల్వు తెరవండి. గొట్టంలో నీరు ఎంత ఎత్తున నిలిస్తే బయట సముద్రం అంత ఎత్తున ఉన్నట్టు. ఆ ఎత్తును ఇంజను గదిలో నాలుగైదు చోట్ల మార్కరుతో గీయండి. ట్యాంకులు నింపి, మామూలుగా పడవలో ఉండే మనుషులందరినీ వెనుక భాగంలో కూర్చోబెట్టి ఒకసారి కొలవడం మంచిది. ఈ పని చేస్తున్నంతసేపూ వాల్వు రంధ్రానికి సరిపోయే చెక్క బిరడా ఒకటి చేతికి అందేలా ఉంచుకోండి.

ఆ గీత నుంచి ఎల్బోలో నీరు చిమ్మే చోటు కనీసం 15 సెంటీమీటర్లు పైన ఉంటే నేరుగా కలిపిన నీటిగొట్టం సరిపోవచ్చు. అంతకన్నా కింద ఉంటే, ముప్ఫై అడుగుల తెరచాప పడవల్లో సాధారణంగా కిందే ఉంటుంది కూడా, ఇంజను నుంచి ఎల్బోకు వచ్చే నీటిగొట్టాన్ని పైకి తీసుకువెళ్లి, నీటి మట్టానికి కనీసం 30 సెంటీమీటర్ల పైన, వీలైతే ఇంకా ఎత్తున, వంపు తిప్పి, ఆ శిఖరంలో గాలి పీల్చే వాల్వు పెట్టాలి. ఇంజను ఆగగానే ఆ వాల్వు గుండా గాలి జొరబడి సైఫన్‌ను తెంపేస్తుంది. ఈ వంపు మధ్యరేఖ మీదనే ఉండాలి. బీరువా వెనుక ఖాళీ ఉంది కదా అని పడవ పక్కగోడకు బిగిస్తే పైన చెప్పిన 42 సెంటీమీటర్ల లెక్క మీకు ఎదురుతిరుగుతుంది. మీ పడవలో అసలు ఈ వంపు ఉందో లేదో మొదట చూడండి.

మఫ్లర్ డబ్బా కూడా మధ్యరేఖకు దగ్గరగా, ఎల్బోకు వీలైనంత సమీపంలో, నీరు చిమ్మే చోటుకు దాని అడుగు కనీసం 30 సెంటీమీటర్ల కింద ఉండాలి. ఎల్బో నుంచి డబ్బాకు వెళ్లే హోసు ఎక్కడా పల్లం లేకుండా ఏకధాటిగా కిందికి వాలాలి. పెద్ద డబ్బా మంచిదేనా అని అడిగారు. ఎంత పెద్దది కావాలో అంచనాతో కాక లెక్కతో తేల్చుకోవచ్చు. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లున్న హోసులో మీటరుకు సుమారు రెండు లీటర్ల నీరు పడుతుంది. డబ్బా నుంచి హంసమెడ శిఖరం దాకా హోసు మీటరున్నర ఉంటే, ఇంజను ఆపగానే వెనక్కి పడే నీరు ఎక్కువలో ఎక్కువ మూడు లీటర్లు. డబ్బా అడుగున ఎప్పుడూ నిలిచి ఉండే నీటికి ఈ మూడు లీటర్లు కలిసినా మట్టం లోపలికి వచ్చే గొట్టం నోటిని తాకకూడదు. పడవ ఒరిగి ఉన్నప్పుడు కూడా తాకకూడదు. అందువల్ల వెనక్కి పడే నీటికి రెట్టింపు పట్టే డబ్బా అయితే నేను ధైర్యంగా సిఫారసు చేస్తాను. నాలుగు లీటర్ల డబ్బా ఈ లెక్కకు చాలదు, ఏడెనిమిది లీటర్లది చాలు, ఇరవై లీటర్లది దండగ. అడుగున నీరు వదిలే బిరడా ఉన్న డబ్బానే కొనండి. ఇంజను మొరాయించిన రోజున ఆ బిరడా విలువ తెలుస్తుంది.

హంసమెడ శిఖరం వెనుక పలకకు దగ్గరగా, డెక్కు కిందికి ఆనుకునేంత ఎత్తులో, నీటి మట్టానికి 40 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి. శిఖరం దాటాక హోసు బయటి రంధ్రం దాకా వాలుగా దిగాలి. ఆ రంధ్రం పలక మధ్యలో ఉంటే ఉత్తమం. మీ పడవలో అది ఒక పక్కకు ఉంటే, ఆ పక్కకు ఒరిగినప్పుడు అది పూర్తిగా మునుగుతుందని గుర్తుంచుకోండి. బయట రబ్బరు రెప్ప పెడితే అల దెబ్బ కొంత తగ్గుతుంది గాని దాన్నే నమ్ముకోవడానికి లేదు. గొట్టానికి మూసే వాల్వు పెట్టమని కొందరు సలహా ఇస్తారు. మూసిన సంగతి మరిచి ఇంజను వేసే రోజు తప్పక వస్తుంది కాబట్టి నేను ఆ సలహా ఇవ్వను.

అలాగని శిఖరాన్ని ఎంతైనా పైకి తీసుకుపోవడానికి వీల్లేదు. నీటిని ఎత్తే భారమంతా ఇంజను మీదనే పడుతుంది. చిన్న ఇంజన్లు సాధారణంగా తట్టుకోగల ఎదురు ఒత్తిడి పది కిలోపాస్కల్ లోపు, అంటే దాదాపు ఒక మీటరు నీటి స్తంభం. మీ ఇంజను పుస్తకంలో ఇచ్చిన హద్దు ఇంకా తక్కువైతే అదే పాటించాలి. దీన్ని కొలవడానికి ఖరీదైన మీటరు అక్కరలేదు. ఎల్బోలో నీరు కలవకముందున్న పొడి భాగంలో ఒక చిన్న మర రంధ్రం వేయించి, దానికి కొంత దూరం రాగి గొట్టం, ఆ తరువాత నీరు నింపి యూ ఆకారంలో వంచిన పారదర్శకపు గొట్టం తగిలించి, పడవను పూర్తి వేగంతో నడిపి, రెండు వైపుల నీటి మట్టాల తేడా చూడాలి. మసి పట్టిన పాత ఎల్బోతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి కొలిస్తే మీ నల్లపొగకు కారణం ఎక్కడుందో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు లోహం సంగతి. మీ ఇంజను కంపెనీ పోత ఎల్బో దొరికితే నా మొగ్గు దానికే, ఎందుకంటే లోపల నీటి దారి ఆకారం సరిగ్గా ఉంటుంది. అది మామూలుగా కొన్నేళ్లకు ఒకసారి మార్చవలసిన భాగమే. వర్క్‌షాపులో చేయించేటట్టయితే 316 ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు, మందపాటి గొట్టం, అదే రకం రాడ్డుతో ఆర్గాన్ వెల్డింగ్, లోపలి అతుకు నునుపుగా ఉండడం – ఈ నాలుగింటిలో ఏదీ వదులుకోకండి. గేట్లకు, రెయిలింగులకు వాడే 304 రకం వేడి ఉప్పునీటిలో త్వరగా గుంటలు పడుతుంది. అయస్కాంతం అంటుకోలేదని చూపించి 316 అంటే నమ్మవద్దు, అది 304కూ అంటుకోదు. ఏ రకం లోహమో చెప్పే మిల్లు సర్టిఫికెట్ అడగండి. జి.ఐ. పైపు ముక్కలతో చేసిన ఎల్బోలు మరల దగ్గరే ముందు పలచబడి విరుగుతాయి. 2020 ఏప్రిల్ నుంచి మనకు అమ్మే బీఎస్–6 డీజిలులో గంధకం పది పీపీఎంకు (పది లక్షల్లో పది వంతులకు) తగ్గింది గనుక గొట్టంలో ఆమ్లం బాధ మునుపటంత లేదు. వేడి, ఉప్పు చేసే నష్టం మాత్రం ఎప్పటిలాగే ఉంది.

హోసు విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. మీద ఎస్.ఏ.ఇ. జె2006 అని అచ్చు ఉన్న సముద్రపు ఎగ్జాస్ట్ హోసే కొనాలి. చల్లబరిచే నీరు ఆగిపోయినా రెండు నిమిషాలు తట్టుకోవాలన్నది ఆ ప్రమాణంలోని ఒక పరీక్ష. వ్యవసాయ మోటార్లకు వాడే పచ్చ సక్షన్ పైపు ఇంజను గదిలో చూడడానికి ఇమిడిపోతుంది గాని, పంపులో చెత్త అడ్డుపడిన రోజున మెత్తబడి ముడుచుకుపోతుంది. ప్రతి కొసకూ రెండేసి స్టెయిన్‌లెస్ క్లిప్పులు బిగించండి. ఇక్కడ మాత్రం అయస్కాంతం ఉపయోగపడుతుంది: చవక క్లిప్పుల్లో పట్టీ మంచిదై, మర మేకు మామూలు ఇనుముది అవుతుంది. నీరు కలవకముందు ఉన్న పొడి భాగానికి గాజునార గుడ్డ చుట్టాలి. పాత చుట్టు ఆస్బెస్టాస్‌ది కావచ్చు కాబట్టి పొడిగా పీకకుండా, నీటితో తడిపి, ముక్కుకు సరైన మాస్కు కట్టుకుని తీయించండి.

నిలువు పొడిగొట్టం మీ పడవకు తగదు. చేపల పడవ డెక్కు మీద దానికి చోటు ఉంటుంది. మీకు ఆ చోట తెరచాప, దాని అడ్డకొయ్య, తాళ్లు తిరుగుతాయి. ఎర్రగా కాగే గొట్టం మీరు పడుకునే గది గుండా పైకి పోవాలి. ఎక్కడ చీలినా కార్బన్ మోనాక్సైడు నేరుగా గదిలోకే వస్తుంది. దానికి రంగు, వాసన లేవు. తడి పద్ధతిలోనూ హోసు చీలితే ఈ ప్రమాదం ఉంటుంది గనుక, మీరు ఏది పెట్టుకున్నా గదిలో ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం, ఎల్బో తరువాతి హోసు మీద ఒక వేడి అలారం పెట్టించండి.

పని ఎప్పుడు పెట్టుకోవాలన్నది మీరు అడగలేదు గాని చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో తీరంలోని మరపడవలన్నీ మరమ్మతులకు దిగుతాయి. ఆ రోజుల్లో మంచి వెల్డరు మీ ఒక్క ఎల్బో కోసం దొరకడు. ఫిబ్రవరిలోనే కొలతలు, కొనుగోళ్లు ముగించుకోండి.

ప్రశ్న: మాది పొడిగొట్టం ఉన్న ఫైబర్ చేపల పడవ. ఇంజను దగ్గరి ఫ్లాంజి (గొట్టాన్ని బోల్టులతో బిగించే అంచు పళ్లెం) పైన గొట్టం పదేపదే చీలుతోంది. ఎంత మందం పైపు వేసినా అంతే. ఏం చేయాలి?
– ఒక మత్స్యకారుడు, కొత్తపట్నం

జవాబు: మందం పెంచేకొద్దీ బరువు పెరిగి చీలిక త్వరపడుతుంది. రబ్బరు మౌంట్ల మీద ఇంజను ఊగుతుంటే, పైన క్యాబిన్‌కు గట్టిగా బిగించిన గొట్టం ఊగలేదు. ఆ తగాదా అంతా ఫ్లాంజి దగ్గరి అతుకు మీద పడుతుంది. ఫ్లాంజి తరువాత ఒక స్టెయిన్‌లెస్ బెల్లోస్ ముక్క (మడతలు మడతలుగా ఉండి వంగగలిగే గొట్టం) వేయించి, గొట్టం బరువు క్యాబిన్ బ్రాకెట్లు మోసేటట్టు చేయండి. వేడికి గొట్టం పొడవు పెరుగుతుంది కాబట్టి పై బ్రాకెట్టు జారే విధంగా ఉండాలి. గొట్టం ఫైబర్ పైకప్పును దాటే చోట చుట్టూ ఖాళీ వదిలి లోహపు పళ్లెం వేయించండి. పై కొసకు మూత లేకపోతే ఈశాన్య రుతుపవనాల వాన నేరుగా ఇంజనులోకి దిగుతుంది.

ప్రశ్న: మా పడవలో సైఫన్ తెంపే వాల్వు ఉంది. దాని నుంచి ఉప్పునీరు చుక్కలుగా ఆల్టర్నేటరు మీద పడుతోంది. బిరడా కొట్టి మూసేయవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మూస్తే ఆ వంపు ఉన్నా లేనట్టే, పడవ నిలిపి ఉంచిన రాత్రే నీరు ఇంజనులోకి రావచ్చు. వాల్వులోని చిన్న రబ్బరు నాలుక మీద ఉప్పు గడ్డకట్టి అది సరిగా మూసుకోకపోవడం వల్ల కారుతోంది. తలభాగం విప్పి, గోరువెచ్చని మంచినీటిలో నానబెట్టి కడగండి, రబ్బరు గట్టిబడి ఉంటే మార్చండి. ఏటా ఒకసారి ఈ పని తప్పదు. ఆ శ్రద్ధ వద్దనుకుంటే, నాలుకను తీసేసి, ఆ రంధ్రం నుంచి వేలెడు లావు లేని సన్నని గొట్టాన్ని నీటి మట్టానికి బాగా పైన పడవ బయటకు పెట్టించండి. ఇంజను నడుస్తున్నంతసేపూ అందులోంచి సన్నటి ధార పడుతూ ఉంటుంది. అది ఆగితే పంపు పనిచేయడం లేదనీ, ఇంజనును వెంటనే ఆపాలనీ అర్థం.